అరగుండు

ఆపరేషన్ బాగా జరిగితే అది డాక్టరు హస్తవాసి. చెడిపోతే అది పేషెంటు మొండితనం. చెవి, ముక్కు, గొంతు వైద్యం నేను నేర్చుకున్న చోట ఈ సూత్రం ఏ పుస్తకంలోనూ రాసి లేదు, అయినా అందరికీ కంఠతా వచ్చు. నాకూ వచ్చు. కొన్నేళ్ళు నేను కూడా పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఇప్పుడు ఎవరైనా నా ముందు ఆ మాటంటే ఒళ్ళు మండుతుంది. ఆ కోపంలో సగం మాట మీద, మిగతా సగం దాన్ని అంతకాలం నమ్మిన నా మీద.

నాది కడప జిల్లా. ఉద్యోగం కర్నూలులో, ఒక ట్రస్టు ఆసుపత్రిలో. దాని పేరు చెప్పను. మా విభాగానికి పెద్ద అయిన డాక్టరును అందరం పెద్దసారు అంటాం. మైక్రోస్కోపు కింద ఆయన చెయ్యి చూస్తే ముచ్చటేస్తుంది, ఎక్కడా తొణకదు, బెణకదు. చెవి ఆపరేషన్ నాకు చేయి పట్టుకొని నేర్పించింది ఆయనే. అందుకే ఆయనతో తగాదా పడటానికి నాకు అన్నేళ్ళు పట్టింది.

మా దగ్గరికి చెవుల వాళ్ళు ఎక్కువగా పడమటి నుంచి వస్తారు. కోసిగి, ఆదోని, పత్తికొండ వైపు పల్లెలు. చిన్నప్పుడు చెవిపోటు వస్తే వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తారు, ఆకు పసరు పోస్తారు, ఇంట్లో బాలింత ఉంటే ఆమె పాలు కూడా పిండుతారు. వాళ్ళను వెక్కిరించే హక్కు నాకు లేదు, మా అమ్మ నా చెవిలో ఈ మూడూ పోసింది. నా చెవి బతికింది. చాలామందికి లోపల కర్ణభేరికి చిల్లి పడి, ఏళ్ళ తరబడి చీము కారుతూనే ఉంటుంది. వినికిడి కొద్దికొద్దిగా పోతుంది.

దానికి మేం చేసేది ఒక రకంగా మాసిక వేయడమే. చెవి వెనక కోసి, చెవి పైన కండరం మీద ఉండే పల్చటి పొరను కొంచెం తీసి, కర్ణభేరి చిల్లికి అతికిస్తాం. అది పట్టుకునేదాకా, అంటే నెలన్నర పాటు, చెవిలోకి చుక్క నీరు పోకూడదు. తలస్నానం బంద్. ఇక ఆపరేషన్‌కు ముందు చేసే పని ఒకటుంది. చెవి పైన, వెనక, నాలుగు వేళ్ళ వెడల్పున జుట్టు గొరిగేస్తాం. ఎందుకు గొరుగుతాం అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, ఎప్పుడూ గొరుగుతాం కాబట్టి అని చెప్పి ఉండేదాన్ని.

ఆమె మొదటిసారి వచ్చింది ఎండాకాలం మొదట్లో. కోసిగి దగ్గరి పల్లె. పాతికేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు. వెంట అత్త వచ్చింది. మొగుడు వలస పోయి ఇంకా తిరిగి రాలేదు. రెండు చెవులకూ చిల్లులే, కుడివైపుది మరీ పెద్దది. నేను గట్టిగా మాట్లాడితే తప్ప నా పెదాలే చూస్తోంది.

"ఇన్నేళ్ళు ఊరుకొని ఇప్పుడెందుకు వచ్చావమ్మా?" అన్నాను.

"అంగనవాడిలో ఆయాగా పెట్టుకున్నారు మేడమ్మా, ఇంకా కాయం చెయ్యల్యా," అంది. "సూపర్వైజరమ్మ వచ్చి పిలిస్తే నాకు ఇనపడల్యా. పిల్లోళ్ళు ఏడ్చినా ఇనపడని దాన్ని ఎట్ల పెట్టుకునేది అనె. వచ్చే ఎండాకాలం లోపల చెవులు బాగు చేయించుకో, లేకుంటే నేను ఉండాది ఉన్నట్టు రాస్తా అనె."

అత్త అందుకుంది. "ఆ పనొకటి నిలబడితే మా కోడలు మిరప్పండ్లు తెంపేకి పోయే పని ల్యా మేడం. దానెంబడి పిల్లోళ్ళూ పోయే పని ల్యా. ఊర్లోనే సదువుకుంటారు."

ఏటా పండగలు అయిపోగానే ఆ పల్లెలు సగం ఖాళీ అవుతాయి. లారీలెక్కి గుంటూరు వైపు మిరప చేలకు పోతారు. పిల్లల చదువు ఆ లారీతోనే పోతుంది. ఆమె చెవి మీద ఏముందో నాకు ఆ రోజే అర్థమైంది. అర్థమై కూడా నేను చేయాల్సినంత చేయలేదు, అది తర్వాత చెబుతాను.

కుడి చెవికి ఆపరేషన్ చేశాను. చక్కగా జరిగింది. పొర సరిగ్గా కూర్చుంది. వారం తర్వాత కుట్లు విప్పి, "నెలన్నర తలకు నీళ్ళు పోసుకోవద్దు, తర్వాత రా," అని చెప్పి పంపాను. చెప్పింది గట్టిగానే చెప్పాను, మూడుసార్లు చెప్పాను. అత్తకు విడిగా చెప్పాను. ఇంకేం చేయాలి?

నెలన్నరకు వచ్చింది. నెత్తి మీద కొంగు. తీయమంటే తీసింది. గుండు, దాని మీద అర అంగుళం జుట్టు మొలిచింది. చెవిలో చూస్తే తడి. నేను వేసిన పొర చీమునీళ్ళలో నాని, చిరిగి, ఒక పక్కకు ఒదిగిపోయి ఉంది. చిల్లి చిల్లిలాగే ఉంది.

"తలకు నీళ్ళు పోసుకున్నావా?"

"లేదు మేడమ్మా."

"నీళ్ళు పోయకుండా గుండు ఎట్లా కొట్టారు? నన్ను చూస్తే పిచ్చిదానిలా కనిపిస్తున్నానా?"

ఓపీలో అందరూ తిరిగి చూశారు. ఆమె తల దించుకోలేదు, నా వైపే చూస్తూ నిలబడింది. పెదాలు బిగించింది. అత్త మాత్రం చేతులు జోడించి, "మొక్కుంటే శ్రీశైలం పోయొస్తిమి మేడం," అని గొణిగింది. నాకు ఇంకా మండింది. నేను కష్టపడి అతికించింది వీళ్ళు దేవుడి పేరు చెప్పి నీళ్ళలో కలిపారు అనిపించింది. కేసు కాగితంలో "సూచనలు పాటించలేదు" అని రాసి పంపేశాను. నెలవారీ మీటింగులో ఆ ఒక్క మాట చదివితే చాలు, ఇంకెవరూ ప్రశ్న వేయరు. ఫెయిలైన చెవి నా ఖాతాలోంచి ఆమె ఖాతాలోకి పోతుంది.

ఆ మీటింగులో పాత కేసులు తిరగేస్తే ఇలాంటి గుండ్లు నాకు ఒకటి కాదు, చాలా కనబడ్డాయి. చెడిపోయిన చెవుల్లో గుండుతో తిరిగొచ్చినవాళ్ళు ఎక్కువ. వాళ్ళలో ఆడవాళ్ళు ఇంకా ఎక్కువ. ఆ మాటే పెద్దసారుతో అన్నాను.

"భక్తి తల్లీ," అని నవ్వారాయన. "ఆపరేషన్ మనం చేస్తే, క్రెడిట్ మల్లన్నకు. నువ్వేం చేస్తావు, నేనేం చేస్తాను?"

అందరం నవ్వాం. నేను కూడా. ఆ నవ్వు గుర్తుకొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శీతాకాలంలో కోసిగి వైపు చెవుల క్యాంపు పెట్టారు. ఉదయమంతా చూశాక, మధ్యాహ్నం భోజనం వేళ నాకు ఆమె గుర్తొచ్చింది. పల్లె అక్కడికి దగ్గరే. నిజం చెప్పాలంటే మంచితనం కొద్దీ పోలేదు. చెడిన చెవి ఎలా ఉందో చూసి, ఇంకోసారి నాలుగు చీవాట్లు పెడదామనే పోయాను.

అంగన్‌వాడీ అంటే ఒక గది, ముందు చిన్న వరండా. ఆమె నాకు వీపు తిప్పి గుడ్లు ఒలుస్తోంది. ఒక బుడ్డది వెనక నుంచి వచ్చింది. నోరు తెరవలేదు. చీర కుచ్చిళ్ళు పట్టుకొని రెండుసార్లు లాగింది. ఆమె తిరిగి చూసి నీళ్ళ గ్లాసు ఇచ్చింది. ఇంకొకడు వచ్చాడు, వాడూ అంతే, చీర లాగాడు. కాసేపు చూస్తే అర్థమైంది, అక్కడ ఏ బిడ్డా ఆమెను పిలవదు. పిలిచినా లాభం లేదని మూడేళ్ళ పిల్లలకు కూడా తెలిసిపోయింది. వాళ్ళంతట వాళ్ళే వేరే దారి చూసుకున్నారు.

అది చూశాక చీవాట్లు నోట్లోనే ఆగిపోయాయి. ఆమె ముందుకు పోయి నిలబడ్డాను. నన్ను చూసి ముఖం గంటు పెట్టుకుంది.

"గుండు ఎందుకు కొట్టించుకున్నావు?" అన్నాను. తిట్టడానికి కాదు, ఊరికే అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఈ ప్రశ్నలో ఏం మెలిక ఉందో అని వెతుకుతున్నట్టు. తర్వాత కింద కూర్చొని, నన్నూ కూర్చోమంది.

"కట్టు ఇప్పినంక అద్దంలో చూసుకుంటి మేడమ్మా. ఈ పక్క జుట్టు ఉండె, ఆ పక్క ల్యా. ఏమంటారు దాన్ని?"

నా కళ్ళు ఆమె కుడి చెవి వెనక్కు పోయాయి.

"అరగుండు అంటారు," అంది. "మా ఊర్లో అరగుండు ఎవురికి కొడతారో మీకు తెలుసు కదా? దొంగతనం చేసినోళ్ళకి. మొగుణ్ణి ఇడిసి తిరిగే దానికి. నా మొగుడు ఊర్లో లేడు. నేను వారం దినాలు కర్నూల్లో ఉండి అరగుండుతో బస్సు దిగితే, ఆపరేషన్ అంటే నమ్ముతారా? ముందర నమ్మినట్టే తలూపుతారు, ఎనక ఏమనాలో అదే అంటారు. ఆ మాట సూపర్వైజరమ్మ దాంకా పోతాది. నాకు ఇనపడేది కూడా ల్యా, ఎవురేమంటాండారో."

"అందుకని?"

"అందుకని ఊరికే పోల్యా. మీరు కుట్లు ఇప్పితిరి కదా, ఆ పొద్దే మా అత్త కర్నూల్లో శ్రీశైలం బస్సెక్కిచ్చె. గుండు కొట్టిచ్చుకొని ఊరికి పోతే ఎవురైనా ఒగటే అడుగుతారు, యా కొండకు పోయొస్తివి అని. శ్రీశైలం అంటే అయిపాయె. దండం పెట్టి పోతారు."

"మొక్కు లేదా?"

"యాడి మొక్కు మేడమ్మా!" అని మొదటిసారి నవ్వింది. "దేవుని దగ్గర అబద్ధం చెప్తిమి. గుండు చేయించినంక మునగకుండ గుడి లోపలికి ఎట్ల పోయేది? పాతాళగంగలో మునిగితి. చెవిలో దూది పెట్టుకొనే మునిగితి. మీరు చెప్పింది నాకు మతికి లేక కాదు."

గుడ్ల పెంకులు ఏరుకుంటూ చెప్పింది ఇదంతా. నా మీద కోపం చూపలేదు. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను కడప జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని. అరగుండు కొట్టి ఊళ్ళో తిప్పారట అనే మాట చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. గుండుతో బడికొచ్చిన పిల్లల్ని నేను కూడా "యా కొండ?" అనే అడిగాను. థియేటర్‌లో ఆకుపచ్చ బట్ట కప్పాక అవన్నీ మరిచిపోయాను. నా కత్తి కింద ఉన్నది ఒక చెవి అనుకున్నాను. దాని చుట్టూ ఒక తల ఉంది, ఆ తల ఊరికి తిరిగి పోవాలి అన్నది నాకు తట్టలేదు. ఆ చెవిని చెడగొట్టింది పాతాళగంగ కాదు, మా రేజరు.

"మళ్ళీ ఆపరేషన్ చేస్తాను, వస్తావా?" అన్నాను.

తల తడుముకుంది. జుట్టు మెడ దాకా వచ్చింది.

"గొరిగేటట్టయితే రాను," అంది. "ఒగే ఏట్ల రెండుసార్లు శ్రీశైలం అంటే ఎవురూ నమ్మరు. ఒక్క ఎంటిక పోయినా నేను ఒప్పుకోను మేడమ్మా. చెవి పోతే పోనీ."

ఎండాకాలానికి ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. సరే అన్నాను. కర్నూలు దాకా జీపులో వస్తూ ఆ సరే అన్నమాట ఎవరి ముందు నిలబెట్టుకోవాలో తలుచుకుంటే కొంచెం గుబులేసింది.

మర్నాడే పెద్దసారు గదికి పోయాను. జరిగింది చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు.

"పాపం," అన్నారు. "అయినా గొరగకుండా ఎట్లా? వెంట్రుక పడితే పుండు చీము పడుతుంది."

"గొరిగితే తగ్గుతుందని ఎక్కడుంది సార్? గొరిగినప్పుడు పడే చిన్న చిన్న గాట్లే చీముకు దారి అని కూడా చెబుతున్నారు. జుట్టు శుభ్రంగా కడిగి, పక్కకు దువ్వి, ప్లాస్టరుతో అంటించేస్తే చాలు."

"ముప్పై ఏళ్ళ నుంచి గొరుగుతాండా నేను."

"ముప్పై ఏళ్ళ నుంచి వాళ్ళు శ్రీశైలం పోతున్నారు సార్. అది భక్తి అనుకున్నాం. సిగ్గు అది. మనం తెచ్చిపెట్టిన సిగ్గు."

ఆయన ముఖం మారింది. తర్వాత గొంతు తగ్గించి, నాకు సాయం చేస్తున్నట్టుగా ఒక మాట చెప్పారు. "ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా? గొరగనని చెప్పి పిలిపించు. చెవి చుట్టూ మత్తు సూది పడి మొద్దుబారాక గొరిగెయ్. బల్ల దిగాక ఏం చేస్తుంది?"

నాకు ఆయన మీద ఉన్న గౌరవం అంతా ఆ ఒక్క మాటతో పోలేదు. కానీ ఆయన ముందు నాకున్న భయం మాత్రం అక్కడితో సరి. "బల్ల దిగాక ఆమె ఏం చేస్తుందో తెలియదు సార్. నేను మాత్రం అద్దంలో నా ముఖం చూసుకోలేను," అని లేచి వచ్చేశాను. తలుపు కొంచెం గట్టిగానే పడింది.

థియేటర్ నర్సుకు చెబితే ఆమె ముందు బెదిరింది. కర్నూలు పాతబస్తీ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, పెద్దసారు దగ్గర మొదటి నుంచి పని చేస్తోంది. "మేడం, నా నౌకరీకి ఎసరు పెడతాండారు మీరు," అంది. ఆపరేషన్ రోజు ఉదయం మాత్రం నాకంటే ముందే వచ్చి, పేషెంటు తల మందు నీళ్ళతో తుడిచి, చెవి చుట్టూ ఉన్న పొట్టి జుట్టును చిన్న చిన్న పాయలుగా తీసి, ఒక్కో పాయకూ రబ్బరు బ్యాండు వేసి, మీద ప్లాస్టరు అంటించింది. పెళ్ళికూతురికి జడ వేసినంత ఓపికగా చేసింది. పని అయ్యాక, "నా పేరు చెప్పొద్దు మేడం," అంది.

మొదటిసారి పొర తీసిన చోట మళ్ళీ దొరకదు. ఈసారి ఇంకొంచెం పైకి, జుట్టులోకే పోవాలి. కోత పెట్టి, పొర తీసి ఆరబెట్టి, చెవి లోపల దాన్ని పరిచే చోటు సిద్ధం చేసుకుంటున్నప్పుడు తలుపు తెరుచుకుంది. పెద్దసారు. మాస్కు మీద కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, అవి చాలు.

"గొరగలేదా?"

"లేదు సార్."

"నా థియేటర్లో వెంట్రుకలతో చెవి తెరిచింది ఇదే మొదలు. ఆపెయ్. ఇప్పుడైనా రేజరు తెప్పించు."

ఆయన గొంతు పెద్దది. ఆ చెవి చుట్టూ మాత్రమే మత్తు ఇచ్చాం, మనిషికి మెలకువ ఉంది. ఎడమ చెవిలో ఎంత వినికిడి మిగిలిందో అంతటితోనూ ఆమెకు ఆ అరుపు అందింది. బట్ట కింద నుంచి గొంతు వచ్చింది.

"ఎవురు మేడమ్మా అరిసేది? ఎంటికలు నావి. మీరు కానీండి."

నర్సు దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకుంది. నేను మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు. "పొర చేతిలో ఉంది సార్. ఏదైనా చెడితే నా మీద రాయండి, ఆమె మీద కాదు," అన్నాను. చెయ్యి పని ఆపలేదు, అది ఆయన నేర్పిన చెయ్యే. ఆయన పొర కూర్చునేదాకా మానిటర్‌లో చూసి వెళ్ళిపోయారు.

సాయంత్రానికి మెమో వచ్చింది. థియేటర్ పద్ధతులు ఎందుకు పాటించలేదో సంజాయిషీ రాసివ్వమని. రాశాను. ఒక పేజీ అడిగితే మూడు పేజీలు రాశాను. చెడిన ప్రతి చెవి దగ్గర పేషెంటు సూచనలు పాటించలేదు అని రాసుకున్నాం గానీ, ఎందుకు పాటించలేదో ఒక్కరినీ అడగలేదనీ, అందులో నేనూ ఉన్నాననీ, ఈ పద్ధతికి సంజాయిషీ ఇవ్వాల్సి వస్తే ముందు మనమంతా ఆ తలలకు ఇవ్వాలనీ రాశాను. మా ఇంట్లో చదివి వినిపిస్తే, ఉద్యోగం ఉంచుకునే ఉద్దేశం ఉందా అన్నారు. ఉందన్నాను. ఉంది కాబట్టే రాశానన్నాను.

వారానికి కుట్లు విప్పే రోజు వచ్చింది. గొప్పలు చెప్పుకోను, ఆ రోజు నాకు చెమటలు పట్టాయి. కోత పై కొసన ఒక కుట్టు దగ్గర ఎర్రగా ఉంది. నొక్కితే ఒక చుక్క చీము. పెద్దసారు అటుగా పోతూ ఆగి చూసి, పెదవి విరిచారు. ఆ ఒక్క కుట్టు తీసి, కడిగి, నాలుగు రోజులు ఆమెను వార్డులోనే ఉంచుకున్నాను. రోజుకు రెండుసార్లు నేనే కట్టు మార్చాను. గొరిగినవాళ్ళకు కూడా ఇలాంటి కుట్లు చీము పట్టడం ఎన్నోసార్లు చూశాం. అప్పుడు అవి లెక్కలోకి రాలేదు. ఇది మాత్రం విభాగమంతా పాకింది. చివరికి మానింది.

ఇంటికి పంపేటప్పుడు జుట్టంతా ముందుకు దువ్వితే చెవి వెనక కోత ఎవరికీ కనబడలేదు. అద్దం అడిగి తీసుకొని, అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది. అత్త ఆమె తల మీద చెయ్యి వేసి, "పా, ఊరికి పోదాం," అంది. ఈసారి బస్సు నేరుగా ఊరికే పోయింది.

నెలన్నరకు వచ్చింది. చెవి ఎండుగా ఉంది. పొర పట్టుకుంది. నేను వెంటనే సంబరపడలేదు, ఇంకా నెల చూడాలి. ఎండలు ముదిరాక మళ్ళీ వచ్చింది. వినికిడి పరీక్ష చేయించాను. అంతా తిరిగి రాలేదు. అన్నేళ్ళు నానిన చెవిలో లోపలి ఎముకలు కొంత దెబ్బతిని ఉంటాయి, వాటిని నేను బాగు చేయలేదు. ఎడమ చెవి చిల్లి అలాగే ఉంది. అయినా కుడివైపు నుంచి మామూలు గొంతుతో మాట్లాడితే నా పెదాలు చూడకుండా జవాబిస్తోంది.

"సూపర్వైజరమ్మ వచ్చె మేడమ్మా," అంది. "నేను లోపల బియ్యం కడుగుతాంటే బయట నిలబడి పిలిసె. పలికితి. మళ్ళీ పిలిసె, మెల్లగా. దానికీ పలికితి. ఇంగేమీ అడగల్యా, కాగితం మీద రాసుకొని పాయె. మొన్న కాయమని ఆర్డరు వచ్చె."

పిల్లలు ఇప్పుడు పిలుస్తున్నారా అని అడిగాను. "ఇంకా కొంగు పట్టుకొని గుంజుతానే ఉండారు, అలవాటు పోల్యా," అంది. "నోటితో పిలువు, అప్పుడే ఇస్తా అంటాండా."

ఆ మాటలప్పుడే పెద్దసారు వచ్చారు. నా సంజాయిషీకి ఆయన జవాబు ఇవ్వలేదు, నన్ను తీసెయ్యనూ లేదు. ఆయన థియేటర్ రోజుల్లో ఆయన గొరుగుతారు, నా రోజుల్లో నేను గొరగను. నర్సు రెండు రకాలుగానూ సర్ది పెడుతుంది. నా పేషెంట్లలో ఇంకా చెవులు చెడేవి చెడుతున్నాయి, కానీ కుట్లు విప్పిన రోజే శ్రీశైలం బస్సెక్కేవాళ్ళు లేరు.

ఆయన కుర్చీ లాక్కొని, ఆమె చెవిలో చాలాసేపు చూశారు. చెవి విషయంలో ఆయన అబద్ధమాడరు. "బాగా పట్టుకుంది," అన్నారు నాతో. తర్వాత ఆమె భుజం తట్టి, పెద్దరికంగా నవ్వారు. "చూసినావా, ఈసారి చెప్పినట్టు చేస్తివి, చెవి నిలబడె. పోయినసారే ఆ పని చేసుంటే నీకు ఈ తిప్పలు ఉండవు కదమ్మా?"

ఆమె కొంగు సర్దుకొని లేచి నిలబడింది. ఆయన మాట ఒక్కటీ జారిపోలేదు, కుడి చెవితో మొత్తం విన్నది.

"పోయినసారి కూడా చెప్పినట్టే చేద్దును సారూ," అంది. "తలకాయ సగం గొరిగి పంపిస్తిరి. గుండుతో వచ్చి ఈడనే నిలబడితి, ఈ కుర్చీ పక్కనే. అంతమంది డాక్టర్లు ఉండిరి. ఎందుకు కొట్టిచ్చుకుంటివి అని ఒక్కరన్నా అడిగిరా?"

ఆమె నా వైపు తిరిగింది. నన్ను వదిలేస్తుందని అనుకున్నాను, వదల్లేదు.

"ఈ మేడమ్మ అడిగేదానికే ఆర్నెల్లు పట్టె," అంది.